బుర్రకు నడుం వచ్చిన వైనం

నేను ఒక ఆనపకాయ బుర్రను. కూర వండుకునే లేతకాయను కాను. తీగ మీదే ముదిరి, ఎండి, లోపల డొల్లయి, వేలితో కొడితే ఖంగుమనే బుర్రను. మీ వైపు సొరబుర్ర అంటారేమో, అలా పిలిచినా పలుకుతాను. నా సంగతి చెప్పుకునే ముందు మా పక్కింటి అప్పయమ్మ నా గురించి అన్న మాట చెప్పేయడం మంచిది. ఊళ్లో నాకన్నా ముందు ఆ మాటే తిరిగింది.

అప్పయమ్మ రేవులో బట్టలు ఉతుకుతూ అన్నదట: "నూకరాజు బుర్రలకి ఆ నడుం ఊరికే వచ్చిందనుకున్నారేటి? కొండవార దొడ్లోకి అస్తమానం ఒక్కడే ఎందుకెళ్తాడు? అక్కడెవత్తో ఉంది. దాని నడుం చూసొచ్చి కాయకి పెట్టాడు. పెళ్లాం నడుం చూసి పెట్టుంటే ఆ బుర్ర గాదెలా ఉండేది కాదూ!"

ఇది నేను చెవులారా విన్నది కాదు. రేవులో విన్న మనిషి మరొకరికి చెప్పింది. ఆవిడ లోవమ్మకు చెప్పింది. లోవమ్మ అరుగు మీద కూర్చుని నాకు ఆముదం రాస్తూ తనలో తాను గొణుక్కుంది. లోవమ్మ ఎవరనుకున్నారు, ఆ నూకరాజు పెళ్లామే.

అప్పయమ్మ మాటలో నిజమెంతో నాకు తెలుసు. కానీ చెప్పడానికి నోరేది? కదిపితే కడుపులో గింజలు గలగలమంటాయి, అంతే. దాన్ని మాటగా తీసుకునే ఓపిక మనుషులకు లేదు.

మా ఊరు పెద్ద ఆవ ఒడ్డున ఉంది. వానాకాలం నిండి, ఎండాకాలానికి సగం ఇంకిపోయే లోతట్టు మడుగును గోదావరి మెట్ట వైపు ఆవ అంటారు. అందులో పడవ నడవదు. నాచు, బురద, తామరతూళ్లు. అందుకని చేపలు పట్టేవాళ్లు రెండు బుర్రలను తాడుతో జతకట్టి, వాటి మధ్య ఛాతీ ఆన్చి, చేతులతో నీళ్లు తోసుకుంటూ వెళ్లి వలలు కడతారు. అందరి బుర్రలూ గుండ్రంగా, నున్నగా ఉంటాయి. వట్టి తాడు కడితే తడవగానే జారిపోతుంది. మెడకు కడదామంటే ఎండిన మెడ పుటుక్కున విరుగుతుంది. అందుకని ఒక్కో బుర్రనూ అల్లిక సంచిలో వేసి కట్టుకుంటారు. ఆ సంచి తామరతూళ్లకు తగులుకుంటుంది. పాపం, వాళ్ల వేటంతా ఒడ్డు వార తేటనీళ్లలోనే.

నూకరాజు బుర్రలకు మాత్రం నడుం ఉంది. పైన చిన్న ఉండ, కింద పెద్ద ఉండ, మధ్యలో సన్నటి నొక్కు. ఆ నొక్కులో తాడు ఒక్క చుట్టు చుడితే చాలు, లాగినా రాదు. అతను తామర మధ్యలోంచి పాములా జారిపోయేవాడు. కొర్రమీను ఉండేది అక్కడే. అందుకే ఆ తామర తావు ఊళ్లో అందరికీ కళ్లమంట, నూకరాజుకు జీవనాధారం.

ఇక నా పుట్టుక. కొండవార దొడ్లో పడిపోయిన పశువులపాక ఒకటుంది. దాని మీదకు పాకిన తీగకు నేనూ, నా కవలా పుట్టాం. మా ఊళ్లో ఒక కట్టుబాటు ఉంది: ఆనప పిందెకు వేలు చూపించకూడదు. చూపిస్తే కుళ్లి రాలిపోతుంది. తప్పనిసరైతే వేలు మడిచి పిడికిలితో చూపించాలి. వేలు చూపించడమే తప్పయినప్పుడు ముట్టుకోవడం గురించి చెప్పేదేముంది! కన్నతల్లి కూడా చంటిబిడ్డను అంత భద్రంగా చూడదు. ఆ మాట పెట్టిన పెద్దలెవరో ఎవరికీ తెలియదు గానీ, అందులో కొంత తెలివి ఉంది. మా పసితనంలో ఒంటినిండా నూగు. దాన్ని నలిపితే నిజంగానే వాడిపోతాం.

నూకరాజు ఆ పిందెనే ముట్టుకున్నాడు. మొదటిసారి వచ్చినప్పుడు చుట్టూ చూశాడు. దణ్ణం పెట్టాడు. నాకో, నన్ను పుట్టించినవాడికో తెలియదు. తాను చూడకపోతే తప్పు సగమే అన్నట్టు కళ్లు గట్టిగా మూసుకుని, మొలలోంచి మెత్తటి గుడ్డపేలిక తీసి నా నడిమికి చుట్టి ముడివేశాడు. పెరగాలనుకున్న చోట పెరగలేకపోవడం ఎలా ఉంటుందో నాకు అప్పుడు తెలిసింది. మధ్యలో వీలుకాక కింద పెరిగాను, పైన పెరిగాను. పేలిక కోసుకుపోకుండా అతను వచ్చి వదులు చేసి, మళ్లీ కట్టి వెళ్లేవాడు. అన్నిసార్లు దొడ్లోకి రావడం అందుకే. అప్పయమ్మ చెప్పిన ఆ 'ఎవత్తో' నేనే, నా కవలే.

తోలు గట్టిపడ్డాక పేలిక విప్పి, మడిచి, మళ్లీ మొలలో దోపుకున్నాడు. మేం ఇంటికి చేరేసరికి నడుముతో ఉన్నాం. ఎవరైనా అడిగితే నూకరాజు ఒకటే మాట: "దొడ్లో కాసినియ్యే." అబద్ధం కాదు.

నాకు తెలిసినది ఇంతవరకే. నా మెడ దగ్గర ఒక వంపుంది, కొంగ తల వెనక్కి తిప్పి చూసినట్టు. నూకరాజు పేలిక పట్టుకొచ్చేసరికే అది ఉంది. దాన్ని ఎవరు తిప్పారో నాకు తెలియదు. నా గుజ్జు కటిక చేదు. పురుగు ఒకసారి కొరికింది, మళ్లీ రాలేదు. ఆ చేదు ఎవరు కలిపారో కూడా తెలియదు. తెలియనందుకు నాకు దిగులేమీ లేదు. మనుషులకే ఆ దిగులు. తెలిసిన సంగతి గురించి నాలుగు ముక్కలు మాట్లాడి ఊరుకుంటారు. తెలియని సంగతి గురించి పొద్దుగూకేదాకా పోట్లాడతారు.

నూకరాజు చలిజ్వరం తగిలి పోయాడు. మాట్లాడని మనిషి, పోయేటప్పుడూ మాట్లాడలేదు.

ఏటా మాఘమాసంలో గంగమ్మకు పూజ చేసి ఆవలో తొలివల వేస్తారు. ఆ రోజు ఎవరి తావులో వాళ్లు వెదురుగెడ పాతుకోవాలి. పాతకపోతే ఆ తావు పాలివాళ్లకు, అంటే దాయాదులకు పోతుంది. దానికి ఒక మాట ఉంది: ఇంటి బుర్రల మీద ఇంటి మనిషి. అరువు బుర్రలు పనికిరావు, కూలిమనిషి పనికిరాడు. నూకరాజు కర్మకాండ కాగానే అతని తమ్ముడు ధర్మరాజు వదినగారి అరుగెక్కాడు.

"వదినా, తామర తావు నేను చూసుకుంటాను. నీకు లోటు రానీను."

"నువ్వు చూసుకునేదేటి ధర్మా? నేను దిగుతాను. నాకు ఈతొచ్చు."

"ఆడదానివి నువ్వెలా దిగుతావు? ఇంటి మనిషంటే మగోడనేగా అర్థం!"

"అయితే మగోడనే అనుండేవోరు కదా."

"ఆడోళ్లు దిగుతారని ఆ రోజుల్లో ఎవడనుకున్నాడు?"

"అనుకోలేదు కాబట్టే అనలేదు. ఆళ్లు అననిది ఇప్పుడు నువ్వెందుకంటావు?"

ఈ తగువు రచ్చబండకెక్కింది. పెద్దలు చాలాసేపు గడ్డాలు గోక్కున్నారు. మాట పెట్టినవాళ్లు బతికుంటే అడగవచ్చు. లేరు. మాటొక్కటే మిగిలింది. ఉన్న మాట ప్రకారం లోవమ్మను దిగనివ్వాలని తేల్చారు. కానీ ఆ మాటకే రెండో కొస ఉంది కదా: తన ఇంటి బుర్రల జత ఉంటేనే. మరుసటి మాఘానికి జత చూపించకపోతే తావు ధర్మరాజుది.

ఆ పాటికి మా జత చెడింది. అటక మీద నుంచి నా కవల జారి మేక కాళ్ల కింద పడి పగిలింది. నేనొక్కదాన్నే మిగిలాను. కవల కడుపులోని గింజలను లోవమ్మ ఏరి, కడిగి, బూడిద పట్టించి దాచింది. "నడుం విత్తనం" అన్నారు ఊళ్లో. అన్నది ఎవరో ఒకరు, నమ్మింది అందరూ. ధర్మరాజు వచ్చి సగం అడిగి పట్టుకెళ్లాడు. తావు దక్కితే అతనికీ బుర్రలు కావాలి మరి.

తొలకరికి గింజలు పెట్టారు. లోవమ్మ పెరటి పందిరి మీద తీగ బాగా పాకింది. పిందెలు దిగాయి. మెడ వంపు నా వంపే, నూగు నా నూగే. నడుం లేదు. పొట్ట మాత్రం ఒకటే గుండ్రం.

ఊరంతా ఆ పొట్టల కేసి చూసింది, వేలు చూపించకుండా. "తొందరేటి లోవా," అంది అప్పయమ్మ కంచె అవతల నుంచి. "ఆడపిల్లకి పుట్టగానే నడుం ఉంటదా? ఈడు రావాలి." ముత్యాలరావు మాస్టారు కూడా అదే మాట తన ధోరణిలో చెప్పారు. ఆయన ఊరి బళ్లో సైన్సు చెబుతారు, ఆదివారం భజన చేస్తారు, రెండిటికీ తగువు లేదంటారు. మంచి మనిషి. "విత్తనంలో భగవంతుడు అంతా రాసిపెట్టే ఉంచుతాడమ్మా. వేళకు అదే వస్తుంది. ఓపిక పట్టు" అన్నారు. లోవమ్మ ఓపిక పట్టింది. నేను అటక మీద కూర్చుని చూశాను. వాళ్లు నమ్మినది పూర్తిగా తప్పు అని కూడా అనలేను. మెడ వంపు విత్తనంలోంచే వచ్చింది. కళ్లెదుట ఒకటి అలా వచ్చినప్పుడు రెండోదీ అలాగే వస్తుందనుకోవడంలో వింతేముంది?

ముందు కాసిన కాయ ముదిరి ఎండింది. నడుం రానే లేదు. సరే, ఇదే కట్టి చూద్దామని లోవమ్మ ఆ కాయనూ నన్నూ జతకట్టి రేవులో దిగింది. నాలుగు బారలు వెళ్లేసరికి తడిసిన తాడు ఆ నున్నటి పొట్ట మీంచి జారింది. అది బుడుక్కున పైకి తేలి పోయింది. లోవమ్మ నా వైపుకు ఒరిగి నీళ్లు మింగింది. నేను చేతనైనంత తేలాను. ఒక్క బుర్ర ఒక మనిషిని ఎంతసేపు మోస్తుంది? ఆవిడ ఈదుకుంటూ, దగ్గుకుంటూ బురదలో ఒడ్డెక్కింది. తర్వాత ఆ కాయను అల్లిక సంచిలో వేసి మళ్లీ దిగింది. తామర దగ్గరకు వెళ్లేసరికి సంచి తూడుకు పట్టుకుని వదలలేదు. దాన్ని కోసుకుని వెనక్కి వచ్చింది. తొలివల రోజున ఇదే జరిగితే తావు పోవడమే కాదు, మనిషే పోవచ్చు.

ధర్మరాజు పాదుకూ గుండ్రటి కాయలే. ఒక పొద్దున వచ్చి వీధిలోనే నిలబడ్డాడు.

"అసలు గింజలు దాచుకుని నాకు తాలుగింజలు ఇచ్చావు కదా వదినా?"

"నా పందిరి చూసి మాట్లాడు. దాచుకుంటే నాకే కాయవా?"

"మరి అన్నయ్యకెలా కాశాయి?"

"ఆయన్నే అడుగు. నాకేటి చెప్పాడు గనక!"

కంచె మీద చేతులాన్చి అప్పయమ్మ అంది: "నేను చెప్తే తిట్టావు కదే. ఆ కొండవార మనిషినెళ్లి అడుగు."

లోవమ్మ లోపలికి వెళ్లిపోయింది. ఆ రోజు నాకు ఆముదం రాయలేదు కూడా.

కార్తీకం వచ్చింది. తీగ ముదిరిపోయి ఆకులు పసుపెక్కాయి. కొసన మూడు లేత పిందెలు మాత్రం దిగాయి. ఇక పూత లేదు. అవి గట్టిపడిపోతే ఆ ఏటికి అంతే.

ఆ రోజు మాస్టారు అరుగు మీద కూర్చుని మంచినీళ్లు అడిగారు. లోవమ్మ కుండలోంచి ముంచి ఇచ్చింది. అప్పయమ్మ కూడా వచ్చి గడప మీద కూలబడింది. మాస్టారు నన్ను చేతిలోకి తీసుకుని తిప్పి చూశారు.

"ఎంత చక్కటి పనితనం! కుండను చూస్తే కుమ్మరి ఉన్నాడని తెలియదూ? ఈ బుర్రను చూసినా అంతే. కుమ్మరి చచ్చిపోయినా, ఊరొదిలిపోయినా కుండ లోపల చెయ్యిపెట్టి తడిమి చూడు, అతని వేళ్ల గుర్తులు తగులుతాయి. సృష్టి అంతా అలాంటిదే."

"అలాగైతే ఈ బుర్రలో దేవుడి వేళ్లు తగలాల," అంది అప్పయమ్మ.

"తగులుతాయి. తడిమేవాళ్లు ఉండాలి."

ఆయన దేవుడి గురించే అన్నారు. లోవమ్మకు మాత్రం ఆ మాట ఇంకోచోట పట్టుకుంది. ఆవిడ కుండలో చెయ్యి పెట్టి నిజంగానే తడిమింది. నీళ్ల అడుగున మట్టి మీద వేళ్ల చాళ్లు. చెయ్యి తుడుచుకుని నన్ను మాస్టారి దగ్గర నుంచి తీసుకుంది. బొటనవేలు నా మెడ వంపు మీద పెట్టింది. నున్నగా ఉంది. పొట్ట మీద పెట్టింది. నున్నగా ఉంది. నా నడుం నొక్కులోకి దించి మెల్లగా చుట్టూ తిప్పింది.

అక్కడ ఆగింది.

నన్ను వెలుతురుకు ఎత్తి, కళ్లు చికిలించి చూసింది. ఏళ్ల తరబడి ఆముదం రాస్తున్న చెయ్యే అది. తెలుసుకోవాలని తడమడం మాత్రం అదే మొదలు. నా నొక్కు చుట్టూ పక్కపక్కన మూడు సన్నటి చాళ్లున్నాయి. వాటి మధ్య ఆవగింజలు పరిచినట్టు చుక్కల వరస.

"మేస్టారండీ," అంది లోవమ్మ గొంతు తగ్గించి, "ఇది చీర అంచు."

మాస్టారు కళ్లజోడు పెట్టుకుని చూశారు. అప్పయమ్మ ఇద్దరినీ నెట్టుకుని ముందుకు వంగింది.

"నా పెళ్లినాటి చీర అంచు ఇది. ఆవగింజంచు. కంచె మీద ఆరేస్తే అంచు పేలిక చింపుకుపోయారని..."

"నా మీద పడ్డావు!" అప్పయమ్మ గొంతు లేచింది. "దీపం వత్తికి నేనే చింపానన్నావు. వీధిలో నుంచుని నా ఏడుతరాలూ తిట్టావు. ఇప్పుడేటంటావు?"

"ఇప్పుడేటంటాను, ఆయనే చింపాడంటాను."

మాస్టారు ఆ చాళ్ల మీద తానూ వేలు పెట్టి చూశారు. నేనాయన్ని మెచ్చుకునేది ఇక్కడే. తాను చెప్పిన ఓపిక మాటను పట్టుకుని వేలాడలేదు. "అయితే విత్తనంలో లేదన్నమాట. లేతగా ఉండగా గుడ్డ చుట్టాడు. పెరుగుతున్న కాయ గుడ్డ దగ్గర ఆగిపోయింది. లోవమ్మా, నీ పందిరి మీద ఇంకా లేతవి ఉన్నాయా?" అన్నారు.

నన్ను పట్టుకునే ముగ్గురూ పెరట్లోకి వెళ్లారు. మూడు పిందెలు వేలాడుతున్నాయి. ఎవరూ వేలు చూపించలేదు. మాస్టారు కూడా పిడికిలితోనే చూపించారు. సైన్సు చెప్పే మనిషైనా పిందె పిందే కదా.

లోవమ్మకు చెయ్యి రాలేదు. ముట్టుకుంటే రాలిపోతుందని పుట్టినప్పటి నుంచీ విన్నది. ఉన్నవి ఆ మూడే. ముట్టుకోకపోతే గుండ్రంగా ముదిరి పనికిరావు. ముట్టుకుంటే కుళ్లి పనికిరావేమో. ఆవిడ లోపలికి వెళ్లి ఆ పాత చీర తెచ్చింది. రెండో అంచు పర్రున చింపింది.

"నీకేటైనా మతిపోయిందా? పిందె ముడతావా?" అంది అప్పయమ్మ.

"ఆయన ముట్టుకున్నాడు కదా."

ఆవిడ దణ్ణం పెట్టింది. తర్వాత కళ్లు మూసుకుంది. ఇది ఆవిడకు ఎవరూ చెప్పలేదు. నూకరాజు అలా చేసినట్టు తెలిసింది నాకొక్కదానికే. నేను పందిరి కిందే ఉన్నాను, చెప్పలేదు.

మొదటి పిందెను మరీ బిగించింది. అది నల్లబడి రాలిపోయింది. ఊళ్లో గోల. ధర్మరాజు వచ్చి పందిరి కింద నిలబడి, "పెద్దలు ఊరికే అన్లేదు వదినా" అని సానుభూతిగా చెప్పి వెళ్లాడు. రెండోదాన్ని వదులుగా కట్టింది. పేలిక జారి, కాయ మామూలుగానే ముదిరింది. మూడోదానికి కట్టు బిగుతు కాకుండా, వదులు కాకుండా పడింది. రోజూ వచ్చి నా నొక్కులో వేలు పెట్టి చూసేది. తర్వాత వెళ్లి దాని నొక్కులో పెట్టి చూసేది. నాలాంటిదాన్ని తీగ మీద చేసుకుంటున్నది. చెప్పేవాడు లేక, చేసిన వస్తువునే అడిగి నేర్చుకుంటున్నది. నేను మాత్రం ఉన్నదేదో ఉన్నట్టు చెప్పాను. నా ఒంటి మీద ఉన్నది తప్ప నా దగ్గర ఇంకేముంది?

మాఘంలో నాకు జత కుదిరింది. కొత్తదాని నడుం కొంచెం వంకర. తొలివల రోజున లోవమ్మ చీర గోచీ పోసి, మా ఇద్దరి మధ్య ఛాతీ ఆన్చింది. ఒడ్డున ఊరంతా ఉంది. ఆవిడ బరువు నూకరాజు బరువుకన్నా ఎక్కువే, అప్పయమ్మ చెప్పింది పూర్తిగా అబద్ధం కాదు. మేం కొంచెం ఎక్కువ మునిగాం, అంతే. తామరతూళ్లు పక్కలు రాసుకుంటూ వెనక్కి పోయాయి. తాడు కదలలేదు. నూకరాజు తావులో గెడ పాతి, లోవమ్మ అక్కడే కాసేపు ఉండిపోయింది. ఆయాసం తీర్చుకుంటున్నదని ఒడ్డు మీదవాళ్లు అనుకున్నారు. ఆవిడ గుండె నా మీదే ఆనుకుని ఉంది కాబట్టి, ఆయాసం కాదని నాకు తెలుసు.

తిరిగి వచ్చేసరికి ధర్మరాజు మోకాలి లోతు నీళ్లలో ఎదురొచ్చాడు. "బాగానే ఉంది గానీ, ఆ కొత్తదాని నడుం వంకర వదినా" అన్నాడు.

"నీ మాటల్లాగే కదా. అయినా తేలుతుంది. రా, నీకూ కట్టడం చూపిస్తాను."

అప్పయమ్మ మాత్రం ఓడిపోలేదు. అప్పయమ్మలు ఓడిపోరు. "చీర నీదైతే మాత్రం? నడుం నీది కాదు కదా" అంది.

"పెళ్లినాడు నా నడుం నువ్వు చూళ్లేదు," అంది లోవమ్మ.

ఆ తర్వాత ఊళ్లో ప్రతి పందిరి మీదా ఆనపకాయలకు గుడ్డపేలికలు కనిపించాయి. పిందెకు వేలు మాత్రం ఇప్పటికీ చూపించరు. దణ్ణం పెట్టి, కళ్లు మూసుకుని కడతారు. లోవమ్మ చేసిందని వాళ్లూ చేస్తారు. కళ్లు మూసుకోవడం వల్లనే నడుం వస్తుందని గట్టిగా నమ్మేవాళ్లు కూడా తయారయ్యారు. కాలం ఇంకొంచెం జరిగితే అది కట్టుబాటైపోతుంది. పెట్టినవాళ్లు ఎవరో తెలియదంటారు.

కాలం జరిగింది. లారీ ట్యూబులొచ్చాయి, థర్మోకోల్ దిమ్మలొచ్చాయి. వంకర నడుం చెల్లెలు ఒక వానకు నానిపోయి పుచ్చిపోయింది. నన్ను లోవమ్మ ముత్యాలరావు మాస్టారికి ఇచ్చింది. ఆయన బళ్లో సైన్సు గది అలమరలో పెట్టారు. ఒక పక్క సీసాలో తేలు, మరో పక్క గిజిగాడి గూడు. అద్దం అవతల నుంచి పిల్లలు నన్ను వేలు చూపిస్తారు. ఎండినదాన్ని కదా, కుళ్లిపోను. పక్కనున్న గూడు కూడా నాలాగే ఏమీ చెప్పదు. దానిలో మట్టి ఉండ ఎందుకు పెట్టిందో అడగడానికి ఆ పిట్ట లేదు. అయినా పిల్లలు చూసి ఏదో ఒకటి అంటూనే ఉంటారు. కొన్నిసార్లు వాళ్లు చెప్పింది సరిగ్గానే ఉంటుంది.

ఈ మధ్య ఒక మధ్యాహ్నం లోవమ్మ, అప్పయమ్మ కలిసి వచ్చారు. ఇద్దరికీ తల ముగ్గుబుట్టయింది, తగువు మాత్రం పచ్చిగానే ఉంది. లోవమ్మ కొంగున ముడివేసి తెచ్చిన చిన్న సీసాలోంచి ఆముదం తీసి నాకు రాసింది. బొటనవేలు అలవాటుగా నడుం దగ్గరే ఎక్కువసేపు తిరిగింది. మాస్టారు కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చున్నారు.

"లోవమ్మా, ఎన్నాళ్లుగానో నిన్నొకటి అడగాలనుకుంటున్నాను. నడుం నూకరాజు కట్టాడని అంచు గుర్తు చెప్పింది. ఒప్పుకున్నాం. మరి ఈ మెడ వంపు ఎవరు కట్టారు? ఆ చేదు ఎవరు పెట్టారు? ఒకటి కట్టినవాడుంటే రెండోది కట్టినవాడూ ఉండాలి కదా?"

"అక్కడ గుడ్డ అచ్చులేవండీ," అంది అప్పయమ్మ. "నేనూ తడిమి చూశాను."

"ఆయనకు గుడ్డ అక్కర్లేదు."

"గుడ్డ లేకుండా, గుర్తు లేకుండా కడితే మనకెలా తెలుస్తుంది?"

"అందుకే తెలుసుకోవాలంటున్నాను," అన్నారు మాస్టారు. ఆయన గొంతులో వాదన లేదు. నిజంగానే అడుగుతున్నారు. "చేసినవాడి మనసు తెలియకుండా చేసిన వస్తువు పూర్తిగా అర్థమైందని ఎలా అంటాం? నువ్వు చెప్పు లోవమ్మా. చేసినవాడు తెలియకపోయినా ఫరవాలేదంటావా?"

లోవమ్మ నన్ను అలమరలో పెట్టింది. పెట్టేటప్పుడు నా గింజలు గలగలమన్నాయి. అవి ఆగేదాకా ఆగి, చేతికంటిన ఆముదం తలకు రాసుకుంటూ అంది:

"ఫరవాలేదని నేనెప్పుడన్నాను మేస్టారూ? ఆయన పక్కన పడుకునే ఓ జీవితం గడిపాను. ఎలా కట్టాడో బుర్ర చెప్పింది. నాకెందుకు చెప్పలేదో అది చెప్పలేదు, ఇంక చెప్పదు. నా మొగుడే నాకు చెప్పి చెయ్యలేదు. మీ దేవుడేటి, మీకు చెప్పి చేశాడా?"